ఫాక్లాండ్స్‌లో తడిసిన పాదాలు

2022 జనవరి. మస్కట్‌లో అజైబా దగ్గర ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో అప్పటికి పదకొండేళ్ళుగా నర్సుగా చేస్తున్నాను. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నర్సంటే ఇంజెక్షన్లు వేసే మనిషి అనుకుంటారు మా వాళ్ళు. నేను మాత్రం ఈ దేశం వచ్చాక మనుషుల మొహాల కంటే కాళ్ళే ఎక్కువ చూశాను. నా డ్యూటీ వూండ్ కేర్‌లో, అంటే పుళ్ళు కడిగి కట్లు కట్టే గదిలో. వారంలో మూడు రోజులు అదే గదిలో ఫుట్ క్లినిక్ కూడా నడుస్తుంది.

ఫుట్ క్లినిక్‌లో ముఖ్యమైన పరికరం చూస్తే నవ్వొస్తుంది. పేరు మోనోఫిలమెంట్. టూత్‌బ్రష్ పోచంత నైలాన్ దారం, చిన్న పిడికి బిగించి ఉంటుంది. రోగిని కళ్ళు మూసుకోమని, పాదం మీద పది చోట్ల దాన్ని ఆనించి, కాస్త వంగేదాకా నొక్కుతాం. తగిలినప్పుడల్లా అతను 'ఆ' అనాలి. పది చోట్లా అన్నాడంటే స్పర్శ బాగున్నట్టు. షుగర్ ఉన్నా లేకపోయినా, పాదం బాధంటూ వచ్చిన ప్రతి ఒక్కరికీ చేయాలని మా రూలు. మొత్తం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు నేను ఎగ్గొట్టాను. దానివల్ల ఒక వంటమనిషికి పంతొమ్మిదేళ్ళ కొలువు పోబోయింది. ఆ సంగతే ఇక్కడ చెబుతున్నాను.

గురువారం సాయంత్రం. ఇక్కడ శుక్రవారం సెలవు కాబట్టి మా చర్చి ఆరాధన ఆ రోజే. ముందురోజు గురువారం క్వయర్, అంటే పాటల బృందం, ప్రాక్టీసు. నేను ఆల్టో, అంటే ఆడవాళ్ళలో కింది గొంతు, పాడతాను, ఆలస్యంగా వెళ్తే మా క్వయర్ లీడరు అందరి ముందూ గడియారం చూస్తాడు. సరిగ్గా ఆ టైముకి డాక్టరు గారి దగ్గర్నుంచి ఒక ఇంగ్లీషాయన్ని నా గదికి పంపించారు. పేరు గారెత్. అరవై నాలుగేళ్ళు, ఆరడుగుల మనిషి, ఎండకి ఎర్రబడ్డ మొహం. వెనకాలే ఆయన ఫైలు పట్టుకుని యాభై ఏళ్ళ మనిషి ఇంకొకతను.

గారెత్ గారు కుర్చీలో కూర్చుని బూట్లు విప్పారు. లోపల ఉన్ని మేజోళ్ళు, అవీ రెండు జతలు, ఒకదాని మీద ఒకటి.

"ఇదేం విడ్డూరం రా దేవుడా, మస్కట్‌లో ఉన్ని మేజోళ్ళా!" అన్నాను, తెలుగులో, నాలో నేనే.

ఫైలు పట్టుకున్నతను గబుక్కున ముందుకొచ్చాడు. "అక్కా, మీది తెలుగా! మాది రాయచోటి తట్టు. నా పేరు మహబూబ్. సాబు దగ్గర వంట, డ్రైవింగు, అంతా నేనే. ఖురియాత్‌లో ఉంటాము."

ఇంక చెప్పాలా. పరాయి దేశంలో తెలుగు వినిపిస్తే నా నోరు ఊరుకోదు. ఎప్పుడొచ్చావు, పిల్లలెంతమంది, ఖురియాత్‌లో చేపలు ఎలా ఉంటాయి అని ఒకపక్క మాట్లాడుతూనే మరోపక్క మడమ మీద పగులు కడిగి, మందు రాసి, పట్టీ వేశాను.

"షుగర్ ఉందా సార్?"

"లేదు."

"కాళ్ళు తిమ్మిరులా?"

"ఫైన్, సిస్టర్. చలికాలంలో నొప్పి పుడతాయి, అంతే. పాత నొప్పి."

నొప్పి పుడుతోందంటే స్పర్శ ఉన్నట్టే కదా అనుకున్నాను. ఫారంలో మోనోఫిలమెంట్ గడి దగ్గర 'నార్మల్' అని టిక్కు పెట్టేశాను. దారం సొరుగులోంచి తీయనే లేదు.

వెళ్ళేటప్పుడు మహబూబ్ గుమ్మం దగ్గర ఆగాడు. "అక్కా, చలికి మా సాబు కాళ్ళు శానా బాధ పెడతాండాయి. మా ఇంటికాడ మాదిరి రాళ్ళుప్పేసి ఉడుకునీళ్ళతో కాపడం పెడ్దునా?"

మా అమ్మ పెట్టేది, మా అమ్మమ్మ పెట్టేది. కాలు బెణికినా, మోకాలు పట్టేసినా, మా ఇళ్ళలో మొదటి వైద్యం కాపడమే. "పెట్టు, మంచిదే. గోరువెచ్చగా పెట్టు" అనేసి హ్యాండ్‌బ్యాగ్ తగిలించుకున్నాను. ఆ రోజు ప్రాక్టీసుకి సమయానికే వెళ్ళాను.

తొమ్మిది రోజుల తర్వాత, శనివారం ఉదయం, వాళ్ళిద్దరూ మళ్ళీ వచ్చారు. గారెత్ గారు బూట్లతో మామూలుగానే నడుచుకుంటూ వచ్చారు. మహబూబ్ మొహం మాత్రం పాలిపోయి ఉంది. "కొంచెం బొబ్బలొచ్చాయి సిస్టర్, పెద్దగా ఏం లేదు" అన్నారాయన. మేజోడు తీశాను. కుడి అరికాలి చర్మం మేజోటితో పాటే ఊడి వచ్చింది. వేళ్ళు రెండు నల్లబడి ఉన్నాయి. చీము వాసన. ఎడమ పాదం కొంత నయం.

ఇలాంటి పాదంతో మనిషి పార్కింగు నుంచి లిఫ్టు దాకా నడిచి రాలేడు. అరిచి గోల పెట్టాలి. ఈయన నడిచొచ్చారు, పైగా నన్ను చూసి గుడ్ మార్నింగ్ అన్నారు. సొరుగు లాగి దారం తీసి, కళ్ళు మూసుకోమన్నాను. వేళ్ళ మీద, పాదం పైన, మడమ మీద నొక్కాను. ఆయన ఎక్కడా 'ఆ' అనలేదు. చీలమండ దాటి పైకి వచ్చాక గానీ, "అక్కడ తెలుస్తోంది" అనలేదు.

"సార్, ఈ పాదాలకి ఏం జరిగింది? ఎప్పుడు?"

"1982లో" అన్నారు. "ఫాక్లాండ్స్."

అదేమిటో నాకు తెలియదు, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను. తర్వాత ఆయనే చెప్పారు. అర్జెంటీనాకు అవతల సముద్రంలో ఉన్న దీవులు. బ్రిటన్ పాలనలో ఉండేవి. 1982లో అర్జెంటీనా సైన్యం వచ్చి పట్టుకుంది. బ్రిటన్ ఓడల మీద సైన్యాన్ని పంపి, పోరాడి తిరిగి తీసుకుంది. ఆ వెళ్ళినవాళ్ళలో ఈయన కార్పొరల్, అంటే ఎనిమిది మంది సిపాయిల మీద చిన్న అధికారి. మే, జూన్ నెలలు. మనకి రోళ్ళు పగిలే ఎండలు, అక్కడ చలికాలం. హెలికాప్టర్లని మోసుకొచ్చిన ఓడ మునిగిపోవడంతో దిగిన ఒడ్డు నుంచి అవతలి ఒడ్డున ఉన్న ఊరి దాకా నడకే, వీపు మీద తమ బరువులో సగం బరువుతో. నేలంతా ఊబి. "మా బూట్లలోకి నీళ్ళు రావడానికి దారి ఉండేది, పోవడానికి ఉండేది కాదు" అన్నారు. మూడు వారాలకు పైగా పాదాలు ఆరింది లేదు.

ఇలా పాదాలు రోజుల తరబడి చల్లటి తడిలో నానితే గడ్డకట్టకుండానే లోపల నరాలు చచ్చిపోతాయి. ట్రెంచ్ ఫుట్ అంటారు. పైకి అంతా మానినట్టే ఉంటుంది. చెడిపోయిన కాలింగ్ బెల్లు ఎవరూ నొక్కకపోయినా మోగుతుంది, నొక్కితే మోగదు చూడండి, అలాంటిదే ఇదీ. చలికి ఊరికే నొప్పి పుడుతుంది, నిజంగా కాలితే మాత్రం తెలియదు. చలి పడకే ఆయన ఇంగ్లండులో ఉండలేకపోయారు. ఒమాన్ సైన్యంలో శిక్షణ ఇచ్చే కాంట్రాక్టు మీద వచ్చి, రిటైరయ్యాక ఖురియాత్‌లో సముద్రానికి ఎదురుగా ఇల్లు అద్దెకి తీసుకుని ఉండిపోయారు.

ఆ తొమ్మిది రోజులూ జరిగింది ఇంతే. మహబూబ్ రోజూ సాయంత్రం బేసిన్‌లో రాళ్ళుప్పు వేసి నీళ్ళు కలిపేవాడు. చెయ్యి పెట్టి వేడి చూసేవాడు. ముప్పై ఏళ్ళు పొయ్యి దగ్గర పెనం మీది రొట్టెలు వట్టి చేత్తో తిరగేసిన చెయ్యి అది, ఏ వేడైనా దానికి గోరువెచ్చనే. అయినా నమ్మకం లేక "సాబ్, గరం జ్యాదా హై?" అని, వేడి ఎక్కువైందా అని అడిగేవాడు. ఆయన "ఫైన్" అనేవారు. ఆ మనిషి అన్నిటికీ ఫైనే అంటారు. బొబ్బలొచ్చాక కూడా ఫైనే అని, చివరి మూడు రోజులు మేజోళ్ళు విప్పనివ్వలేదట. నేను ఆ రెండు నిమిషాలు వెచ్చించి ఉంటే, ఈ పాదాలకి వేడి తగలకూడదని మహబూబ్‌కి చెప్పి ఉండేదాన్ని.

వెంటనే అడ్మిట్ చేశారు. సర్జన్, ఒమానీ ఆయన, నెమ్మదస్తుడు. "వారం చూద్దాం. నలుపు ఎక్కడ ఆగుతుందో తెలిశాక కోద్దాం. వేళ్ళతో పోతే అదృష్టం" అన్నారు. ఆసుపత్రిలో ఏం జరిగినా ఇన్సిడెంట్ ఫారం రాయాలి, ఏం జరిగింది, ఎలా జరిగింది అని. నేనే రాశాను. 'ఇంట్లో సహాయకుడు పెట్టిన వేడినీళ్ళ వల్ల కాలిన గాయం.' ప్రతి ముక్కా నిజమే. నా టిక్కు గురించి, నేను పెట్టమన్న సంగతి గురించి అందులో ఒక్క అక్షరం లేదు. నా లైసెన్సు గుర్తొచ్చింది, కాలేజీలో ఉన్న పిల్లలిద్దరూ గుర్తొచ్చారు. సంతకం పెట్టి చేతులు దులుపుకున్నాను.

మూడో రోజుకి ఇంగ్లండు నుంచి ఆయన కూతురు మెగన్ దిగింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. తండ్రి కాలు చూసి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "ఎవరు చేశారిది?" అంది.

"నేనే మేడమ్" అన్నాడు మహబూబ్ ఇంగ్లీషులో. అంతే. నా వైపు చూడనైనా చూడలేదు.

"పంతొమ్మిదేళ్ళ నుంచీ ఉన్నావు. మా నాన్నని ఉడకబెట్టావు!" అంది. అతను తల దించుకుని బయటికి వెళ్ళి కారిడార్‌లో బెంచీ మీద కూర్చున్నాడు. అప్పటి నుంచీ అతని చోటు అదే. మెగన్ అతన్ని గదిలోకి రానివ్వలేదు. నేను ఆ పక్కనే ఉన్నాను, ట్రేలో కత్తెరలు సర్దుతూ. కిక్కురుమనలేదు.

రోజూ డ్రెస్సింగ్ నాదే. ముప్పావు గంట పట్టేది. స్పర్శ లేని కాలు కాబట్టి కడుగుతుంటే ఆయనకి బాధ ఉండేది కాదు, కబుర్లు చెప్పేవారు. దీవుల్లో చెట్టనేది లేదని, గాలికి గుడారాలు నిలిచేవి కావని, ఒక గొర్రెల కాపరి ఇంట్లో వాళ్ళకి వేడి టీ ఇచ్చారని. మహబూబ్ ఏడని మాత్రం రోజూ అడిగేవారు. "బయటున్నాడు, ఇన్ఫెక్షన్ అని రానివ్వడం లేదు" అని మెగన్ చెప్పేది. ఆయన నా మొహం చూసేవారు. నేను బ్యాండేజి చూసేదాన్ని.

ఆరో రోజున మెగన్ బయటికి వెళ్ళిన సమయంలో నేను అరికాలు కడుగుతుంటే ఆయన అన్నారు, "నేనూ ఈ పని చేశాను సిస్టర్. రోజూ ఎనిమిది మంది పాదాలు చూడడం కార్పొరల్ డ్యూటీ. ఫుట్ ఇన్‌స్పెక్షన్. బూటు విప్పించాలి, మేజోడు తీయించాలి, వేళ్ళ మధ్య చేత్తో తడిమి చూడాలి. మాట అడిగితే సరిపోదు, చూడాలి. ఆ దీవుల్లో తుపాకీ తర్వాత మాకు కాళ్ళే."

"రోజూ చూసేవారా సార్?"

"ఒక్క రోజు తప్ప." కిటికీ వైపు చూస్తూ చెప్పారు. "చివరి కొండ మీదికి వెళ్ళే ముందురోజు. మంచు పడుతోంది. నాకు చేతులు ఆడడం లేదు. ఆలన్ అని ఒకడు స్లీపింగ్ బ్యాగులో దూరి ఉన్నాడు. కాళ్ళెలా ఉన్నాయని అడిగాను. ఫైన్, కార్పొరల్ అన్నాడు. నేను ఫైన్ అని రాసుకున్నాను."

నేను దూది ట్రేలో పెట్టి ఆయన వైపు తిరిగాను.

"మర్నాడు సగం కొండ ఎక్కాక వాడు కూర్చుండిపోయాడు. కాళ్ళు ఎక్కడున్నాయో తెలియడం లేదన్నాడు. రాళ్ళ చాటున వదిలి మేం పైకి వెళ్ళాం. ఫిరంగి గుండు ఆ రాళ్ళ మీదే పడింది. వాళ్ళమ్మకి ఉత్తరం వెళ్ళింది, యుద్ధంలో ఫిరంగి దెబ్బకి పోయాడని. అది నిజమే. తర్వాత రెండు సార్లు వాళ్ళింటికి వెళ్ళాను, టీ తాగాను. కాళ్ళ సంగతి చెప్పలేదు. పదేళ్ళ క్రితం ఆవిడ కూడా పోయింది."

ఆ మాట చెప్పడంలో ఏడుపూ లేదు, ఏమీ లేదు. లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పి, "ఇవాళ వాసన తగ్గిందా?" అని అడిగారు. తగ్గింది సార్ అన్నాను. ఆ సాయంత్రం రూముకి వెళ్ళి ప్రార్థన చేసుకుందామని మోకరించి, అలాగే లేచిపోయాను. దేవుడితో మాట్లాడడానికి కూడా మొహం చెల్లలేదు.

ఏడో రోజు డ్రెస్సింగ్ అయ్యాక మెగన్ ఒక కాగితం నా ముందు పెట్టింది. "మహబూబ్ వీసా క్యాన్సిల్ చేయిస్తున్నాను. సోమవారం టికెట్. అతను లేబర్ ఆఫీసుకి వెళ్ళి గొడవ చేస్తే చూపించడానికి, గాయం అతనివల్లే అని మీరు సంతకం చేయాలి."

గారెత్ గారు మంచం మీద లేవబోయారు. "ఏమిటిది మెగన్? నాకు చెప్పకుండా?"

"నువ్వు చేయనివ్వవు కాబట్టే నాన్నా."

పెన్ను నా చేతిలోనే ఉంది. దానికి మూత పెట్టేశాను. తర్వాత ఎలా వచ్చాయో ఆ మాటలు, వచ్చేశాయి. "దీని మీద నేను సంతకం చేయలేను. కాపడం పెట్టమని చెప్పింది నేను. పెట్టొచ్చా అని అతను నన్ను అడిగే పెట్టాడు. మీ నాన్నగారి పాదాలకి స్పర్శ ఉందో లేదో నేను పరీక్ష చేయాలి. చేయలేదు. చేసినట్టు టిక్కు పెట్టాను."

మెగన్ నోటికొచ్చినట్టు తిట్టింది. పడ్డాను, పడాల్సినవే. "ఏడు రోజుల నుంచీ నువ్వే ఈ కాలు కడుగుతూ, నోరు మూసుకుని ఉన్నావా?" అంది. ఉన్నాను అన్నాను.

గారెత్ గారు చెయ్యెత్తి ఆమెని ఆపారు. నన్ను చూసి, సిపాయికి చెప్పినట్టే చెప్పారు. "ఆ ఫారం మళ్ళీ రాయి. జరిగింది జరిగినట్టు రాయి. ఇవాళే."

"రాస్తాను సార్."

తర్వాత కూతురి వైపు తిరిగారు. "అతను రోజూ వేడి ఎక్కువైందా అని అడిగాడు. రోజూ ఫైన్ అన్నాను. నాకేం తెలియడం లేదని చెప్పడానికి నాకు సిగ్గు. ఆ కాగితం చింపేయ్. మహబూబ్‌ని లోపలికి పిలువు."

"నేను పిలుస్తాను" అన్నాను.

ముందు ఫలితాలు చెప్పేస్తాను. ఫారం తిరిగి రాశాను. ఆసుపత్రి నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చి, ఆరు నెలలు ఫుట్ క్లినిక్ నుంచి తప్పించి, మళ్ళీ ట్రైనింగుకి పంపించింది. గారెత్ గారికి రెండు వేళ్ళు తీసేశారు, పాదం దక్కింది. మహబూబ్ టికెట్ క్యాన్సిల్ అయింది. ఇప్పటికీ ఖురియాత్‌లో ఆయన దగ్గరే ఉన్నాడు. మెగన్ వెళ్ళేముందు అతనికి సారీ చెప్పింది. నాకు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

ఆ రోజు కారిడార్‌లోకి వెళ్ళేసరికి మహబూబ్ బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చుని అంతా చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. ఒప్పుకున్నాను కాబట్టి నన్ను మెచ్చుకుంటాడని కూడా లోపల ఎక్కడో అనుకున్నాను, నా బుద్ధి అలాంటిది.

అతను నా వైపు తిరిగి అడిగాడు. "నువ్వు పెట్టమంటివని నాకు గుర్తుండాదక్కా. గోరెచ్చగ అంటివి. నేనే ఎక్కువ కాంచినానేమో అనుకుని ఎవురికీ సెప్పలా. సాబుకి కాళ్ళు తెలీవని నీకు ఎప్పుడు తెలిసె?"

"మీరు రెండోసారి వచ్చిన రోజే. శనివారం."

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "ఏడు దినాలు. ఈ ఏడు దినాలూ ఐదు పూట్లా నమాజులో తౌబా సెప్పుకుంటాండా అక్కా, అల్లా, నా చేత్తో నేనే ఆ మనిషి కాళ్ళు కాలిస్తినని. ఇంటికి ఫోన్ చేసి నా భార్యకు సెప్తి. ఆమె ఒకటే ఏడుపు. నువ్వు దినామూ పొద్దున్నే ఈ దావనే పోతా, నా ముందర నిలబడి, టిఫిన్ తింటివా మహబూబ్ అని అడుగుతాంటివి గదా."

"క్షమించు మహబూబ్" అన్నాను. అతను 'సరేలే అక్కా' అనలేదు. లేచి, మొహం కడుక్కుని, సాబు గదిలోకి వెళ్ళాడు.

ఇప్పుడు కొత్తగా చేరిన నర్సులకి ఫుట్ క్లినిక్ నేనే నేర్పిస్తాను. దారం ఎలా పట్టుకోవాలో, ఎక్కడ నొక్కాలో చూపించడానికి పది నిమిషాలు చాలు. మిగతా గంటంతా మహబూబ్ గురించే చెబుతాను. తప్పు ఎవరైనా చేస్తాం, చేస్తే ఆ డ్యూటీ దిగకముందే చెప్పండి అంటాను. మీరు చెప్పని ప్రతి రోజూ, ఆ తప్పు తనదేననుకుని ఇంకొక మనిషి ఏడుస్తూ ఉంటాడు.